మేమంటే ఎవరే

ఫిబ్రవరి 9, సోమవారం

ప్రిన్సిపల్ మేడమ్ పిలిచి ఇంకో ఏడాది ఉండమంది. కాంట్రాక్ట్ రెన్యూ చేస్తారట, వీసా సంగతి స్కూలే చూసుకుంటుందట. శుక్రవారంలోగా చెప్పమంది. సరే అని తల ఊపాను. దేనికి సరే అన్నానో నాకే తెలియదు.

అమ్మకి ఇంకా చెప్పలేదు. అక్కడ ఊళ్ళో అమ్మ మా వీధి బడి హెడ్మాస్టరుకి చొక్కా కొలతలు తీస్తూ, మా అమ్మాయి వచ్చేస్తోంది, ఆ తెలుగు పోస్టు ఎవరికీ ఇవ్వకండి అని అడిగిందట. చేతులు చాచి నిలబడ్డ మనిషి కాదని ఎలా అంటాడు. జూన్ దాకా ఆపుతానన్నాడు. మా ఇంట్లో ఆ బడి గడప తొక్కింది నేనొక్కదాన్నే. అక్కడే నేను టీచర్‌గా కూర్చోవాలని అమ్మ ఆశ. మొన్నటిదాకా నాది కూడా.

ఫిబ్రవరి 10

మూడో క్లాసుకి తెలుగు పాఠం: మనం, మేం. ఇక్కడి భాషలో రెండింటికీ ఒకటే మాట. ఎంత చెప్పినా పిల్లలకి ఎక్కడం లేదు. చివరికి సగం మందిని కారిడార్‌లోకి పంపాను. లోపలివాళ్ళు మేం అంటే తలుపు మూయాలి, మనం అంటే తెరవాలి. ఇక ఒకటే గోల. పక్క క్లాసు లెక్కల టీచర్ వచ్చి, ఇది గ్రామరా, దొంగా పోలీసా అంది.

రెండు జడల పిల్ల బయటినుంచి తల దూర్చి అడిగింది, వచ్చే ఏడాది నాలుగో క్లాసుకి మనం వెళ్తామా, మేం వెళ్తామా అని. వాక్యంలో తప్పు లేదు. ముందు లోపలికి రా అన్నాను.

ఫిబ్రవరి 11, సాయంత్రం

ఏడాది సంగతి చెబుదామనే అమ్మకి ఫోన్ చేశాను. కుట్టు మషీన్ తొక్కుతూనే మాట్లాడుతోంది. చలి ఎలా ఉందే అంది. మేం హీటర్ వేసుకుంటాంలే అన్నాను.

మషీన్ చప్పుడు ఆగిపోయింది. మేమంటే ఎవరే, అంది.

స్కూల్లో అందరం అన్నాను. స్కూల్లో అందరూ నీ గదికొచ్చి హీటర్ వేస్తారా అంది. నవ్వొచ్చింది. అప్పుడు నవ్వకుండా ఉండాల్సింది. ఎవడు, ఏం చేస్తాడు, తెలుగొచ్చా అని వరసపెట్టి అడిగింది. ఎవరూ లేరమ్మా అంటే, లేనివాడిని కలుపుకుని మేం అంటారా ఎవరైనా, అని పెట్టేసింది.

చెప్పాల్సింది అలాగే ఉండిపోయింది.

ఫిబ్రవరి 12

పొద్దున్నే పెద్దమ్మ వాయిస్ మెసేజ్. అబ్బాయి మనవాడేనా అట. తర్వాత చిన్నాన్న. ఫోటో పంపితే చాలు, మీ అమ్మని నేను ఒప్పిస్తా అన్నాడు. ఆయన గొంతులో ఇంత ప్రేమ నేనెప్పుడూ వినలేదు. కాసేపు నిజంగా ఎవరైనా ఉంటే బాగుండుననిపించింది.

గదిలో హీటర్ వేసుకునేది నేనొక్కదాన్నే. మేం అని ఎందుకన్నాను? అబద్ధమాడినట్టు లేదు. కానీ మేం అంటే తలుపు మూయాలని నేర్పింది నేనే కదా. అమ్మని బయట ఉంచి ఎప్పుడు మూశాను?

వెళ్ళాలని ఉంది. ఉండాలనీ ఉంది. రెండూ నిజమే.

ఫిబ్రవరి 13, ఉదయం

అమ్మకి అంతా చెప్పేశాను. ఎవడూ లేడని, ఏడాది ఉండమంటున్నారని, ఉంటే అక్కడి పోస్టు పోతుందని, ఏం చేయాలో తోచడం లేదని. తలుపు ఆట గురించి కూడా చెప్పాను. విన్నది. తర్వాత, హెడ్మాస్టరు చొక్కాకి గుండీలు కుట్టాలి, ఉంటానే అంది. కోపమా? తెలియలేదు. కోపమైతే తిట్టేది.

అదే రోజు, మధ్యాహ్నం

రెండు జడల పిల్ల మళ్ళీ అడిగింది. మనం వెళ్తాం అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు, నోట్లోంచి వచ్చేసింది. పిల్లలు పరిగెత్తుకెళ్ళి తలుపు బార్లా తెరిచారు. అదే తలుపులోంచి వెళ్ళి ప్రిన్సిపల్ గదిలో సంతకం పెట్టాను.

అదే రోజు, సాయంత్రం

అమ్మకి ఫోన్ చేశాను. సంతకం పెట్టానని చెప్పాను. మషీన్ ఆపలేదు. సరే, ఇంకో ఏడాది ఉందాంలే, అంది.

ఉండు అనలేదు. ఉందాం.

గదిలో ఉన్నది ఒకే కుర్చీ. దాని మీద బట్టలన్నీ తీసేశాను.