చేతులు వెనక్కి

జూన్ 12
కాలేజీలో చేరాను. హెల్త్ అండ్ సోషల్ కేర్, అంటే ముసలివాళ్లనీ జబ్బు మనుషుల్నీ చూసుకునే కోర్సు. క్లాసులో అందరూ నా కూతురి ఈడు వాళ్లు, నాకు కూతురుంటే. పెద్దక్కా అని పిలుస్తున్నారు. ఇంట్లో తమ్ముడు, చేపపిల్లకు ఈత నేర్పాలా అక్కా, అమ్మ పోయినప్పటి నుంచి నువ్వు చేస్తున్నది అదే కదా అన్నాడు. నవ్వాను. ఐడీ కార్డు మెడలోంచి తీయకుండానే వంట చేశాను.

ఆగస్టు 3
మొదటి ప్రాక్టికల్. వృద్ధుల కేర్ హోమ్‌లో ఒక పెద్దాయనకు చొక్కా తొడగాలి. ఒకప్పుడు దర్జీ. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి మాట వినడం లేదు. ఆయన ఒక్క గుండీ వెతుక్కునేలోగా నేను అన్నీ పెట్టేశాను. కాలరు సర్దాను. తల దువ్వాను. నూటికి నూరు అనుకుంటూ టీచరు వైపు చూశాను.

ఫెయిల్.

టీచరు నా తమ్ముడి కన్నా చిన్న. మెల్లగానే చెప్పింది. పని ముచ్చటగా చేశారు పెద్దక్కా, కానీ ఆయన్ని ఏదీ చెయ్యనివ్వలేదు, ఎడమచెయ్యి బాగానే ఉంది కదా అంది. ఇంకొక్క అవకాశం ఇస్తారట. అదీ పోతే కోర్సులోంచి పేరు తీసేస్తారట. పెద్దాయన గోడవైపు తిరిగి, ఊరందరికీ గుండీలు కుట్టానమ్మా, నాకు పెట్టుకోవడం రాదనుకున్నావా అన్నారు.

ఫెయిల్ కన్నా అది గట్టిగా తగిలింది.

ఆగస్టు 4
నాకు ఓపిక ఎక్కువని అందరూ అంటారు. దేవుడా, అది ఓపిక కాదు, తొందర.

ఆగస్టు 19
ఇంట్లో సాధన. స్నానాల గదిలోంచి తమ్ముడు తువ్వాలు ఇమ్మని కేకేశాడు. నేను కదల్లేదు. అక్కా, చెవుడొచ్చిందా అని అరిచాడు. చేతులు వెనక్కి కట్టుకుని దేవుణ్ణి తలుచుకున్నాను. తువ్వాళ్లు ఏ అరలో ఉంటాయో తెలియక, అక్కడ ఉతకడానికి పడేసిన దుప్పటి చుట్టుకొచ్చాడు. నలభై దాటిన మనిషి.

సెప్టెంబరు 7, సాయంత్రం
రెండో ప్రాక్టికల్. అదే పెద్దాయన, అదే చొక్కా. పక్కన కూర్చున్నాను. ఇక్కడే ఉన్నాను, కావాలంటే చెప్పండి అన్నాను. చేతులు వెనక్కి.

ఎడమచెయ్యి కాజా వెతికింది. గుండీ జారింది. మళ్లీ వెతికింది. నా వేళ్లు ఒకదాన్నొకటి గిల్లుకున్నాయి. టీచరు గడియారం చూసింది. చివరికి ఆయనే, గుడ్డ కాస్త బిగించి పట్టుకో అమ్మా, లాగకు, పట్టుకో చాలు అన్నారు. పట్టుకున్నాను. అంతే.

అన్నీ పెట్టుకునేసరికి ఒక కాజా తప్పింది. కాలరు ఒక పక్క లేచింది. నా చెయ్యి వెళ్లబోయింది. ఆపాను. ఆయన అద్దంలో చూసుకుని, ఈ చొక్కా కుట్టినవాడెవడో కొలతల్లో దొంగ అన్నారు. అందరం నవ్వాం. ఆ వంకర చొక్కాతోనే, ఛాతీ విరుచుకుని, హాల్లోకి నడిచి వెళ్లారు.

పాస్.

తమ్ముడు ఫోన్లో దొరికిన వాళ్లందరికీ మా అక్క పాసైందని చెప్తున్నాడు. టీ వాడే పెట్టాడు. పంచదార మరిచాడు. తృప్తిగా తాగాను.

సెప్టెంబరు 8
పొద్దున ప్రార్థనకు నిలబడితే చేతులు వాటంతటవే వెనక్కి వెళ్లాయి. అలాగే వేడుకున్నాను. దేవుడూ నా చేతులు సర్దలేదు.