ఆరో నంబరు ఒంటరి

ఫిబ్రవరి 9

పాములు జతకట్టే సీజన్ మొదలైంది. ఈ కొండచిలువలు మా చిత్తడినేలకు పరాయివి. ఎవరో ముచ్చటపడి ఇంట్లో పెంచి, పెరిగాక హడలిపోయి వదిలేశారు. ఐదేళ్లుగా ఇక్కడ ఒక్క కుందేలూ కనిపించలేదు.

మా పని ఒకరకంగా నమ్మకద్రోహమే. మగపాము కడుపులో ట్రాన్స్‌మిటర్ పెట్టి, దానికో నంబరిచ్చి వదులుతాం. అది ఆడదాన్ని వెతుక్కుంటూ పోతుంది, దాని వెనకే మేం. ఆడదాన్ని పట్టి చంపేస్తాం. మగదాన్ని మళ్లీ వదులుతాం. యాంటెన్నా పట్టుకుని తిరిగేది బావ, అక్క మొగుడు. ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే. ఆయన తెచ్చిన షీట్ల మీద సంతకం పెట్టేదీ నేనే.

ఫిబ్రవరి 13

ఆరో నంబరు ఐదు రోజులుగా ఒకేచోట ఉంది. షీట్‌లో బావ రాసింది: "ఒంటరి".

ఈ సీజన్‌లో మగపాము ఐదు రోజులు ఒక్కటే పడుకుంటుందా? ఎవరి చెవిలో పూలు పెడుతున్నట్టు?

ఫిబ్రవరి 14

అడిగాను. ఎండ కాచుకుంటోందిలే అన్నాడు. రేపు నేనూ వస్తానంటే, ఆ బురదలో నీకెందుకమ్మా, హాయిగా ఏసీలో కూర్చుని సంతకాలు పెట్టుకో అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఫిబ్రవరి 16, ఉదయం 7:40

బావకి సెలవు. యాంటెన్నా పట్టుకుని ఒక్కదాన్నే వెళ్లాను. మోకాలి లోతు నీళ్లు. రెల్లు దగ్గరికొచ్చేసరికి బీప్‌లు చెవులకు చిల్లులు పొడిచాయి. గడ్డి తప్పించి చూశాను. ఆరో నంబరు ఉంది. దాన్ని ఆనుకుని నా తొడంత లావు ఆడది. ఒక్కదాన్నే పట్టలేను.

పక్కనే బురదలో బావ బూట్ల అచ్చులు, వచ్చినవీ పోయినవీ. చూశాడన్నమాట. చూసే అలా రాశాడు. ఒళ్లు మండిపోయింది.

ఫిబ్రవరి 17

వాళ్లింటికే వెళ్లి కడిగేశాను. బావ తల కూడా దించుకోలేదు. పాములన్నీ అయిపోతే ప్రాజెక్టు ఉంటుందా, ప్రాజెక్టు లేకపోతే నన్నెవడు ఉంచుకుంటాడు అన్నాడు. అక్క గిన్నెలు తోముతూనే, నా కాపురంలో నిప్పులు పోయకే అంది. అక్కకి ముందే తెలుసు.

ఫిబ్రవరి 18

ఆ ఆడది వేసవికి యాభై గుడ్లు పెడుతుంది.

ఫిబ్రవరి 20

ప్రాజెక్టు హెడ్ గదికి వెళ్లాను. బావ ఒక ఆడపామును చూసి కూడా దాచాడని చెప్పేశాను. అక్క మొహం గుర్తొచ్చి ఏడుపొచ్చింది. సార్ లేచి తలుపు వేశారు.

ఆరో నంబరు దగ్గరదా, తొమ్మిదో నంబరు దగ్గరదా అని అడిగారు.