ఊరి రేడియో బృందానికి యాభయ్యో సంతకం

బిష్కెక్,
17 జూన్ 2019.

గౌరవనీయులైన మా గురువు షార్షెన్ అగాయ్‌కి,

మీ శిష్యురాలు ఉమ్సునాయ్ గుండె మీద చెయ్యి వేసుకుని, తల వంచి రాస్తున్న ఉత్తరం. మీ ఒంట్లో కులాసాగా ఉందా? మీ ఇల్లాలు, మా అక్క సాయ్‌రా ఎజే మోకాలి నొప్పి తగ్గిందా? గొర్రెల్ని పై పచ్చికలకు తోలేశారా? మీ కొచ్కోర్‌లో ఈసారి గడ్డి బాగా వచ్చిందని విన్నాను, సంతోషం. ఇక్కడ నేను బాగున్నాను. మర్యాదకి రాసే మాట కాదిది, నిజంగానే ఇంత బాగా ఎప్పుడూ లేను.

రెండేళ్లుగా మీరు నా ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరమైతే తప్పించుకోలేరు. మీ పోస్టమ్మ దాన్ని మీ చేతిలో పెట్టి, మీరు విప్పేదాకా టీ తాగుతూ కూర్చుంటుందని నాకు తెలుసు.

మన బృందం బతికింది అగాయ్! ఊరి రేడియో అధ్యయన బృందం బతికింది!

మీరు అధ్యక్ష పదవి నాకు అప్పగించి వెళ్లిన ఏడాదే కమ్యూనికేషన్ పరిశోధకుల సంఘం కొత్త నియమం పెట్టింది. యాభై మంది సభ్యులు లేని బృందాన్ని ఈ ఏటి వార్షిక సభలో రద్దు చేసి మాస్ మీడియా విభాగంలో కలిపేస్తారట. అలా కలిస్తే మన గతి ఏమిటో మీకు వేరే చెప్పాలా? వాళ్ల రెండు వందల పత్రాల మధ్య మనవి రెండు, అవీ ఆఖరి రోజున, అందరూ బస్సులెక్కేశాక. కొండ మీది కాపరికి రేడియోలో ఉత్తరం చదివి వినిపిస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతుందని అడిగే నాథుడు ఈ దేశంలో ఇక ఉండడు.

అందుకే రెండేళ్లూ ఊరూరా తిరిగాను. చేరమని కొందరిని, వచ్చిన పత్రాలు పరిశీలించి మార్కులు వేసి పెట్టమని కొందరిని, గది ఇవ్వమని ఇంకొందరిని బతిమాలాను. పాత టేపులు భద్రపరిచే తోలోగోన్ ఇప్పుడు మన ఉపాధ్యక్షుడు. "ఎజే, నువ్వు పరిశోధన మానేసి పెళ్లి సంబంధాలు చూడు, బాగా కలిసొస్తుంది" అని రోజూ ఏడిపించేవాడు. ఇదే పని మీరు ఆరేళ్లు నవ్వుతూ ఎలా చేశారో నాకిప్పటికీ అర్థం కాదు.

సభ కరాకోల్‌లో జరిగింది. మన బృందం సమావేశానికి ఇచ్చింది మూడో అంతస్తు, అదీ సరిగ్గా భోజనాల వేళ. ఎవరూ రాకూడదనే అలా పెట్టారు. నాకు ఒళ్లు మండింది. భోజనాన్నే పైకి మోయించాను. రెండు బకెట్ల చల్లటి ఆశ్లాన్-ఫూ సేమ్యా, బుట్టెడు వేయించిన బోర్సోక్ రొట్టెలు, టీ. అంతా నేల మీద పరిచేశాం. ఒకసారి విందు ముందు కూర్చున్నాక పెద్దలు చేతులు చాపి దీవిస్తూ బాతా చెప్పకుండా ఎవరు లేస్తారు? ముప్పై ఒక్క మంది వచ్చారు. రాలేని సభ్యుల ఫారాలు ముందే సంఘానికి పంపేశాం.

సంఘం కార్యదర్శి క్లారా ఇసాయెవ్నా జాబితా పట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే నిలబడి లెక్క తేల్చి పోదామనుకుంది. నేను ఊరుకుంటానా? చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, గుమ్మానికి ఎదురుగా పెద్దలు కూర్చునే చోట కూర్చోబెట్టాను.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని నలభై తొమ్మిది అంది. నేను నవ్వేశాను. "మళ్లీ చూడండి, షార్షెన్ అగాయ్‌ని మరిచిపోయి ఉంటారు" అన్నాను. ఆమె కళ్లద్దాలు తీసి, "మరిచిపోలేదు తల్లీ. ఆయన ఏనాడూ సభ్యుడు కాదు. ఒక్క ఏడాదైనా ఫారం ఇవ్వలేదు. పెద్దాయన్ని అడగడానికి నాకూ మొహం చెల్లలేదు" అంది.

ఇంటి పెద్ద దగ్గరికి వెళ్లి, మీరు ఈ ఇంటివారేనని సంతకం పెట్టండి అని ఎవరంటారు? వాళ్లు అడిగి ఉంటారని నేనూ, నేను అడిగి ఉంటానని వాళ్లూ అనుకున్నాం. ఇన్ని చదువులు చదివి అందరం కలిసికట్టుగా పప్పులో కాలేశాం.

వెంటనే అందరి ముందూ మీ ఇంటికి ఫోన్ చేశాను. సాయ్‌రా ఎజే ఎత్తి, "పెరట్లో ఉన్నాడమ్మా. నీ పేరు చెబితే పక్కూరు దాకా పోతాడు" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

అధ్యక్షురాలిగా నేను ముగిసిందని చెప్పేదాకా మన సమావేశం నడుస్తున్నట్టే, అప్పటిదాకా ఎవరైనా చేరవచ్చు. అందుకని లేచి చెప్పాను. "ఇది మన విందు. వరసగా అందరూ తలా ఒక మాట చెప్పాలి. ఆ తర్వాతే బాతా." తోలోగోన్ కొత్తవాళ్ల కోసం మెట్లు దిగి పరిగెత్తాడు. ఒక మనిషికి ఒకే బృందమని నియమం కదా, కిందవాళ్లందరికీ ఏదో ఒకటి ఉండనే ఉంది. ఒట్టి చేతులతో రొప్పుతూ వచ్చి కూలబడ్డాడు. ఒక్కొక్కరే మాట్లాడుతున్నారు. చెప్పాల్సింది అయిపోయినా నా మొహం చూసి ఇంకాస్త సాగదీస్తున్నారు. టీ రెండుసార్లు మళ్లీ కాచాం.

చివరికి క్లారా ఇసాయెవ్నా వంతు వచ్చింది. "నాదేముంది, లెక్కపెట్టేదాన్ని" అంది. "అదేం కుదరదు! మీరు నోరు విప్పకపోతే మేం సాయంత్రం దాకా ఇక్కడే" అని అందరూ గోల చేశారు.

అప్పుడు చెప్పింది. వాళ్లమ్మ ఆత్-బాషీ కొండల్లో చలికాలపు మకాంలో ఉండేదట. నాన్నేమో ఫ్రూంజె ఆసుపత్రిలో, అదే ఇప్పటి మన బిష్కెక్‌లో. అమ్మకి చదువు రాదు, దారులు మంచుతో మూసుకుపోయాయి. ఒకరోజు రేడియోలో నాన్న ఉత్తరం చదివారు: కాలు బాగైంది, ఎర్రావును కోయించొద్దు. "మా అమ్మ రేడియో ముందు లేచి నిలబడి, కోయించనులే, నువ్వు జాగ్రత్త, అని గట్టిగా జవాబు చెప్పింది. ఆయనకి వినపడుతుందనే అనుకుంది" అని క్లారా ఇసాయెవ్నా తలగుడ్డ కొసతో ముక్కు తుడుచుకుంది.

తోలోగోన్ మెల్లగా, "ఇంతకీ మీరు ఏ బృందంలో ఉన్నారు?" అని అడిగాడు. "ఎవరు పిలిచారయ్యా నన్ను? ఇరవై రెండేళ్లుగా మిమ్మల్నందరినీ లెక్కపెడుతున్నాను. నన్ను లెక్కలోకి తీసుకున్నవాళ్లు ఒక్కరూ లేరు" అందామె.

రెండు చేతులతో ఫారం అందించాను. ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి, సంతకం చేసి, తన జాబితా తనే దిద్దుకుని యాభై అని రాసింది, ముద్ర వేసింది. మేం వేసిన కేకలకి మాస్ మీడియా వాళ్లు చెంచాలు పట్టుకునే పైకి పరిగెత్తుకొచ్చారు. అందరికంటే పెద్దది కాబట్టి బాతా ఆమే చెప్పింది. మన బృందం మనవల కాలం దాకా నిలవాలంది. నేను బాహాటంగా ఏడ్చేశాను, నాకేం సిగ్గు లేదు.

ఈ ఉత్తరంతో పాటు ఒక ఖాళీ ఫారం పంపుతున్నాను. ఎనిమిదేళ్ల కిందట, మీరు అధ్యక్షులైన రోజే అడగాల్సింది, ఇప్పుడు అడుగుతున్నాను. మా బృందంలో చేరండి అగాయ్.

మీ దీవెన కోరే,
ఉమ్సునాయ్

తా.క. ఇది పైన రాయడానికి చెయ్యి ఆడలేదు. రెండేళ్ల కిందట మీ పత్రాన్ని తిప్పి పంపమన్న మూడో పరిశీలకుడెవడో చెప్పమని మీరు అడిగారు. నియమం ఒప్పుకోదన్నాను, మీరు మాట్లాడటం మానేశారు. అది నేనే అగాయ్. పేరు దాచి పంపినా మొదటి వాక్యంలోనే మిమ్మల్ని గుర్తుపట్టాం, ముగ్గురమూ. మిగతా ఇద్దరూ భక్తి కొద్దీ నిండు మార్కులు వేశారు. కానీ మీరు పంపిన ప్రతిలో పదకొండో పేజీ రెండుసార్లు ఉంది, పన్నెండోది అసలు లేదు. ఆ మాట వాళ్లిద్దరిలో ఒక్కరూ రాయలేదు. మీ పత్రాన్ని చివరిదాకా చదివింది నేనొక్కదాన్నే.