ముట్టని చాయ్

ఆదివారం, జనగామ

ఈ రోజు లింగాల ఘనపూర్‌లో అక్క కొడుక్కి పుట్టువెంట్రుకలు తీశారు. మేనమామను నేనే కాబట్టి వాణ్ణి నా ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. అందుకని మా ఆదివారం ప్రార్థన కూడా మానుకుని, వాడికి కొత్త బట్టలు తీసుకుని, నేనూ నా భార్య రజితా మా పాపతో వెళ్లాం.

మంగలి ఇంకా రాలేదు. అక్క వాళ్ల అత్త చాయ్ తెచ్చింది. క్రైస్తవుల్లోని మోర్మన్ శాఖలో చేరామని, అందులో చాయ్ తాగకూడదు కాబట్టి మానేశామని మెల్లగా చెప్పాను. అంతే.

"మా ఇంట్ల చాయ్ ముట్టనోని ఒళ్లె మా పిల్లగాన్ని కూసోబెడ్తమా?" అందామె. బావ మంగలి వస్తున్నాడేమో చూడ్డానికి వాకిట్లోకి వెళ్లాడు. చివరికి మా పెద్దనాన్న కొడుకుని పిలిచి పిల్లాణ్ణి అతని ఒళ్లో కూర్చోబెట్టారు. వాడు ఏడుస్తూ నా వైపే చేతులు చాచాడు.

"తమ్మీ, ఒక్క గుక్క తాగితే ఏం పోతుండె?" అంది అక్క, బట్టల కవరు తిరిగి నా చేతిలో పెడుతూ.

చావు తర్వాత కూడా కుటుంబం విడిపోదని మోర్మన్లు చెప్పిన మాట నమ్మే కదా, పాప పుట్టాక నేనూ రజితా బాప్తిస్మం తీసుకున్నది! ఇక్కడ బతికుండగానే అక్క దూరమైంది.

బండి మీద ఇంటికొచ్చాం. పాపను పడుకోబెట్టాక రజిత అంది: "మా అన్న వస్తే మాత్రం నేను తాగుత. మన పిల్లకు మామ ఉండాలె గద."

నేను వద్దనలేదు. బాప్తిస్మం నాడే పారేశానని ఆమె చెప్పిన చాయ్‌పత్తి డబ్బా కోసం వంటింట్లో వెతికాను. పప్పు డబ్బాల వెనక ఉంది. మూత తీసి చూశాను. చాయ్‌పత్తి కొత్తది.