లిఫ్టు పక్క డబ్బాకు తాళం

కిషన్ రావు అన్నా,

మీరు ఫోన్ ఎత్తుతలేరు, తలుపు కొట్టినా తీస్తలేరు. అందుకే ఈ కవరు తలుపు కింది నుంచి పెడుతున్న.

మా ఆయన నిన్న దవాఖాన నుంచి ఇంటికొచ్చిండు. జావల ఉప్పు తక్కువైందని నా మీద కోపం జేసిండు. అంటే మంచిగనే ఉన్నడు, ఫికర్ చెయ్యకుండ్రి.

ఆయన గుండె ఆగి లిఫ్టు కాడ పడ్డనాడు, గుండెకు షాకిచ్చే మిషన్ డబ్బాకు తాళం ఉండె. తాళంచెవి మీ జేబుల, మీరేమో హన్మకొండల మీ దుకాణంల. నిజమే. కానీ అన్నా, వాటర్ కూలర్ కాడ స్టీలు గ్లాసు పోయినంక, డబ్బాకు తాళం ఏద్దామా అని మీరు మీటింగుల అడిగితె, అందరికన్న ముందు చెయ్యెత్తింది నేనే.

ఐదో అంతస్తు అక్షరకు మడికొండల వాళ్ల ఆఫీసోళ్లు గుండె ఆగితె ఏంజెయ్యాల్నో నేర్పిండ్రట, ఆయన ఛాతి ఒత్తుకుంటనే ఉన్నది. నేను ఇంట్ల నుంచి రోకలి తెచ్చి తాళం పలగ్గొట్టిన. తర్వాత మిషన్ ఎట్ల చెప్తె అట్ల చేసినం.

మన అపార్టుమెంటు సెక్రటరీ పని ఇడిచిపెట్టిండ్రని తెలిసింది. ఇడువకుండ్రి. డబ్బాకు మళ్ల తాళం ఎయ్యకుంటె సాలు.

కవర్ల ఉన్నది మా ఇంటి తాళంచెవి. ఆదివారం నేను చర్చికి పోతె ఆయన ఒక్కడే ఉంటడు. ఎవరికియ్యాలె అని ఆయన్నే అడిగిన. మీ పేరే చెప్పిండు.

మీ గుత్తిల పెట్టుకోండ్రి.

మీ చెల్లె,
రెండో అంతస్తు