ఎండలో ఎరుపు

తమ్ముడు బయ్యన్నకు, అనంతపురంలో క్షేమం. నా మోకాళ్ల గురించి దిగులు పడొద్దు.

నిన్న మేనత్త కొడుకు మారుతి తను పాఠాలు చెప్పే కాలేజీకి పిలుచుకుపోయినాడు. కాల్చిన ఇనుప దిమ్మె రోలర్ల మధ్య ఎట్లా సాగుతుందో, ఎక్కడ చీలుతుందో వాడి కంప్యూటర్ ముందే చెబుతుందట. పిల్లలంతా ఒకటే చప్పట్లు. మిల్లులో ముప్పై ఏళ్లు ఆ పని కంటితో చేసినవాణ్ణి, వాడికంటే ఎక్కువ పుస్తకాలు చదివినవాణ్ణి, నాకు కుర్చీ వేసినవాడు లేడు. ఆరుబయట కొలిమిలోంచి దిమ్మె తీయగానే "చల్లబడింది, అంచు చీలుతుంది" అన్నాను. చీలలేదు.

"ఎండలో చూసినావు బావా, ఎరుపు మసకగా కనపడుతుంది. మన చీకటి షెడ్డులో అయితే నువ్వే గెలుస్తాంటివి" అని అందరి ముందు జాలి చూపించినాడు. తిట్టినా ఇంత మండేది కాదు.

దిమ్మెల రంగులు, వాటి వేడి రాసిన నా పాత నోటుబుక్కు కావాలట. కంప్యూటర్‌కు ఎక్కించి నా పేరు వేస్తాడట. ట్రంకుపెట్టెలో ఉండాది, బస్సులో పంపు. మొదటి పది పేజీలు వాడి చేతిరాత, మేమిద్దరం మిల్లులో చేరిన కొత్తలో దాన్ని మొదలుపెట్టింది వాడే. అవి చించేసి పంపు.

వేరుశనగకు వాన పడిందా? నీ భార్య హేమావతికి ఆశీస్సులు. చించేటప్పుడు మాత్రం ఆమెను అవతలికి పంపు, ఎంతైనా వాడి చెల్లెలు.

మీ అన్న,
శ్రీరంగప్ప