గీతల్లో లేని రెండో మనిషి

కామాఠిపురా,
ముంబై.

ప్రియమైన శ్రీవారికి,

మీ రేణుక నమస్కారాలు. అత్తమ్మ మోకాళ్ల నొప్పి తప్ప ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. పుణేలో మీరు వేళకు తింటున్నారని తలుస్తాను.

మీ ఉత్తరం అందింది. ఫోన్లో అయితే అత్తమ్మ పక్కనే ఉంటుంది, నాకు నోరు పెగలదు. అందుకే నేనూ రాస్తున్నాను. మీరు చెప్పినట్టే కప్పు మీద టార్పాలిన్ వేయించాను. అత్తమ్మను నాగ్‌పాడా డాక్టరుకు చూపించాను, మందులు మార్చాడు. ఉద్యోగం పోయి ఇంటికి వచ్చేసిన స్వప్నిల్ ఫోన్ ఎందుకు తీయడం లేదని అడిగారు. అది మొదటి నుంచి రాస్తాను.

పోయిన వారం కింద గదిలోని వాళ్లమ్మ రాజవ్వకు పప్పుచారు పంపాను. గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. వరుస గదుల మన చాల్‌లో గిన్నె ఎవరూ ఖాళీగా ఇవ్వరు, ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరైనా వేస్తారు. కిందికి దిగి వెళ్లాను. బియ్యం ఏరుతూ ఆమె తల ఎత్తలేదు.

"ఏమైంది పెద్దమ్మా?"

"నన్నెందుకు అడుగుతవ్? నీ మొగుణ్ని అడుగు. నౌకరీ పెట్టిచ్చింది ఆయనే, ఊడగొట్టింది ఆయనే. నా కొడుకు మెల్లగ జేస్తడని పెద్ద టీవీల గీతలు గీసి సూపిచ్చిండంట. శాబాష్!"

నేను పైకి వచ్చేశాను. కానీ సంగతి నాకు తెలుసు. ఒక్కో పని ఎవరి దగ్గర ఎన్నాళ్లు ఆగుతుందో గీతలు గీసి చూపడం మీ బాధ్యతని, మీ కంపెనీలో తయారైనవన్నీ పరీక్షించే స్వప్నిల్ దగ్గరే పనులు పేరుకుపోయాయని క్రితంసారి వచ్చినప్పుడు మీరే చెప్పారు.

"రెండు సండాసులల్ల ఒకదానికి తాళమేస్తే లైను పెరగదా? లోపలున్నోడు ఏం జేస్తడు? పరీక్ష జేసే రెండో మనిషిని సారే తీసేసిండు" అన్నారు. మరుగుదొడ్ల పోలికకు నాకు నవ్వొచ్చింది. మీరు నవ్వలేదు. "మీటింగ్‌ల ఆ మాట అనలేదు రేణుకా. అంటే రేపు తీసేసేటోళ్లల్ల నా పేరొస్తది" అన్నారు.

ఇంక దాచలేను. మంగళవారం స్వప్నిల్ చచ్చిపోవాలని ఏదో మింగాడు. ప్రాణం దక్కింది. మీరు కంగారు పడతారని అత్తమ్మ చెప్పొద్దంది.

అత్తమ్మకు కూడా తెలియనిది ఇంకొకటి ఉంది. ఆస్పత్రి వరండాలో రాజవ్వ పక్కన కూర్చుని, మీరు నాతో అన్నదంతా చెప్పేశాను. మిమ్మల్ని అడగలేదు. తిడుతుందనుకున్నాను.

"నాకు జెప్తే ఏం ఫాయిదా బిడ్డా? వానికి జెప్పు" అంది.

మంచం దగ్గరికి వెళ్లి వాడికీ చెప్పాను. వాడి గొంతు కాలిపోయింది, మాట గుసగుసగా వస్తోంది.

"నన్ను ఊరడించనీకి అంటున్నవ్ వదినా. అదే నిజమైతే అన్న ఆ మీటింగ్‌లనే అంటుండె కద" అన్నాడు. గోడవైపు తిరిగిపోయాడు.

నేను మీ మాట బయటపెట్టినందుకు కోపగించుకోండి, పడతాను. మీ ఉద్యోగం ఏమవుతుందో నాకూ భయమే. అయినా రెండో మనిషి లేకే పనులు ఆగాయని మీ సారుతో అనేసి రండి, అప్పుడే వాడు నమ్ముతాడు. వాణ్ని ఇంటికి తీసుకెళ్లమని డాక్టరు అంటున్నాడు. ఇంట్లో ఒక్క క్షణం కళ్లు మూసుకుంటే వాడు ఏం చేసుకుంటాడోనని రాజవ్వ ఒప్పుకోవడం లేదు.

ఇట్లు,
మీ రాక కోసం చూసే
మీ భార్య రేణుక